ప్రతిభ - జనాదరణ: ధర్మవరం, పెనుకొండ, హిందూపురం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రతిభకు జనాదరణ కొలమానమా అన్న ప్రశ్న సాహిత్యవిమర్శలో పాతదే. శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలతో ముడిపడిన సృజనను పరిశీలించి, జనాదరణ తెలిపేది ప్రతిభ పరిమాణాన్ని కాదని, అది ప్రజలకు చేరిన మార్గాన్ని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రతిభ, భావకుడు, జనాదరణ, పుట్టపర్తి నారాయణాచార్యులు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, లేపాక్షి.

1. ఉపోద్ఘాతం
రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండు విధాలుగా చెప్పాడు. మొదటిది కవికి, రెండవది భావకునికి ఉపకరిస్తుంది. జనాదరణను చర్చించేటప్పుడు మనం తరచుగా మొదటిదానినే చూస్తాం. జనం మెచ్చారు కనుక గొప్పదని కొందరు, జనం మెచ్చారు కనుకనే లోతులేనిదని మరికొందరు తీర్పు చెబుతారు. రెండు తీర్పులూ భావకుణ్ణి విస్మరించినవే. రచన అతనికి ఏ రూపంలో, ఎంత మేరకు అందిందో చూడకుండా ఆదరణను వివరించలేం.

2. ధర్మవరం: రంగస్థల కీర్తి
ధర్మవరంలో జన్మించిన రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ సరసవినోదినీ సభను స్థాపించి, నాటకాలు రచించి, ప్రదర్శింపజేసి, తానూ నటించారు. 'విషాదసారంగధర'లో విషాదాంతాన్ని స్వీకరించడం సంస్కృత నాటక సంప్రదాయానికి ఎదురు నిలవడమే. ఆ సాహసం ప్రేక్షకులకు చేరడానికి పాటలు, పద్యాలు, అభినయం తోడ్పడ్డాయి. ఇక్కడ ప్రతిభా ఆదరణా ఒకే వేదికపై కలిశాయి. ఆ వేదిక మరుగైన తర్వాత 'ఆంధ్ర నాటక పితామహుడు' అన్న బిరుదు సాహిత్యచరిత్రల్లో నిలిచింది, నాటకాలు చదివేవారు తగ్గారు. రచనలోని ప్రతిభ తరిగిపోలేదు, దానిని జనంలోకి తీసుకువెళ్ళిన సాధనం తొలగింది.

3. పెనుకొండ: ఒక్క కావ్యపు నీడ
పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) బాల్యంలో పెనుకొండలో పెరిగారు. విజయనగర రాజుల కోట శిథిలాలను చూసిన వేదన నుండి చిన్ననాడే 'పెనుగొండలక్ష్మి' వెలువడింది. ఆ కావ్యమే తర్వాత ఆయన రాసిన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైందన్న విషయం సాహిత్యలోకంలో ప్రసిద్ధం. నేడు ఆ ఉదంతం తెలిసినంతమందికి కావ్యం తెలియదు. కథ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది, కావ్యానికి పఠనం కావాలి.

'శివతాండవం' విషయంలో ఈ భేదం మరింత స్పష్టం. దానిలోని లయ, శబ్దం వినగానే మనసుకెక్కుతాయి. నర్తకులకూ గాయకులకూ అనువైన నిర్మాణం దానిది. కనుక అర్థం పూర్తిగా తెలియని శ్రోతనూ అది కదిలిస్తుంది. ఇది నిజమైన ప్రతిభే. కానీ అదే కవి రచించిన 'జనప్రియ రామాయణం' పేరులోనే జనప్రియత్వాన్ని నింపుకొని కూడా అంతగా జనంలోకి వెళ్ళలేదు. దీర్ఘకావ్యం కోరే ఓపికకు మన సభల్లోగాని, పాఠ్యప్రణాళికల్లోగాని చోటు తక్కువ. ఇక ప్రాకృత భాషాసాహిత్యాలపై, ప్రబంధాలపై ఆయన చేసిన కృషి పండితులకే పరిమితమైంది. ఒక్క కావ్యం పొందిన కీర్తి కవికి గౌరవం తెచ్చింది, మిగిలిన కృషిని కొంత కప్పివేసింది కూడా.

4. హిందూపురం: పేరులేని ప్రతిభ
హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపు విజయనగర కళకు నిదర్శనం. సందర్శకులు ఎక్కువగా గుమికూడేది వేలాడే స్తంభం దగ్గర. దాని కింద వస్త్రం జరిపి చూసి ఆశ్చర్యపోతారు. ఊరి ముందరి ఏకశిలా నంది అడివి బాపిరాజు గేయంతో తెలుగువారి నోట నిలిచింది. పైకప్పు మీది వర్ణచిత్రాల్లో వస్త్రాల అంచులు, కేశాలంకరణలు, చూపుల భేదాలు గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. వింత క్షణంలో అందుతుంది, చిత్రం తలెత్తి నిలబడేవారికే అందుతుంది.

5. ముగింపు
ఈ మూడు ఉదాహరణల్లోనూ ఆదరణ అబద్ధం కాదు, అసంపూర్ణం. వేదిక, శ్రవణయోగ్యత, వింత అనేవి ప్రతిభలో తమకు సరిపడిన భాగాన్నే మోసుకువెళతాయి. కనుక విమర్శకుడు జనం మెచ్చినదానిని తక్కువ చేయనవసరం లేదు, దాని దగ్గరే ఆగిపోనూ కూడదు. పరిశోధనాంశాల ఎంపికలోనూ ఈ మెలకువ అవసరం. ప్రసిద్ధరచనలపైనే సిద్ధాంతగ్రంథాలు పోగుపడితే విశ్వవిద్యాలయం కూడా జనాదరణకు మరో వాహనమవుతుంది. భావయిత్రీ ప్రతిభను పెంపొందించడం తరగతిగది బాధ్యత. 'శివతాండవం' విని పరవశించిన విద్యార్థి చేతికి 'జనప్రియ రామాయణం' అందించడంతో ఆ బాధ్యత మొదలవుతుంది.