తెర వెనక దీపం

1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌లో అంకెలు ఎర్రగా వెలిగేవి. చీకట్లోనూ చదువుకోవచ్చు. కానీ ఆ ఎల్‌ఈడీలు కొన్ని గంటల్లోనే బ్యాటరీని తాగేసేవి. తర్వాత వచ్చిన ఎల్‌సీడీ ఆ ఖర్చు తగ్గించింది. దానికి సొంత వెలుగు లేదు, గదిలోని వెలుతురునే వాడుకుంటుంది. అందుకే బటన్ సెల్ ఏళ్ల తరబడి వస్తుంది. అందుకే దీపం ఆరితే అంకెలూ కనిపించవు.

ఈ లోటును సొంత చేతులతో తీర్చుకోవడం ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లలో ఒక పనితనంగా స్థిరపడింది. వెనక ఒక ఎల్‌ఈడీ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. రెండు పల్చటి గాజు పలకలు, మధ్యలో ద్రవస్ఫటికం, బయట రెండువైపులా పోలరైజర్ పొరలు, ఇదీ తెర నిర్మాణం. వెనక పొరకు వెండిరంగు పూత ఉంటుంది. ముందునుంచి పడ్డ కాంతిని అది తిప్పి పంపుతుంది, వెనకనుంచి వచ్చేదాన్ని ఆపేస్తుంది. కాబట్టి దీపం పెట్టేముందు ఆ పొరను తీయాలి. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం అక్కడే ఉంది.

మూల దగ్గర సన్నని బ్లేడు అంచును పొర కిందికి పోనిచ్చి, లేచిన కొసను పట్టుకుని వెనక్కి మడిచి, గాజును అంటిపెట్టుకున్నట్టుగా నెమ్మదిగా లాగాలి. నిట్టనిలువునా పైకి లాగితే గాజు పగులుతుంది. తెరను బోర్డుకు కలిపే రిబ్బన్ మీద బరువు పడకూడదు. కొన్ని మోడళ్లలో దాన్ని వేడితో అంటించి ఉంటారు. ఊడితే అంకెల్లో గీతలు మాయమవుతాయి, మళ్లీ అతికించడం చాలా కష్టం. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. తొందరపడి వదిలేసిన మరక వెలుగు రాగానే బయటపడుతుంది.

ఇప్పుడు పూత లేని కొత్త పోలరైజర్ పెట్టాలి. అతికించే ముందు కాలిక్యులేటర్ ఆన్ చేసి దాన్ని తిప్పి చూడటం తప్పనిసరి. 1971లో షాట్, హెల్‌ఫ్రిష్ ప్రకటించిన పద్ధతిలో ద్రవస్ఫటికం కాంతి కంపనదిశను 90 డిగ్రీలు తిప్పుతుంది. వోల్టేజీ తగిలినచోట ఆ మెలిక విడిపోతుంది. ఆ రకం తెరలో పొర ఒక దిశలో ఉంటే తెల్లటి నేపథ్యం మీద నల్లటి అంకెలు, పావు చుట్టు తిప్పితే నల్లటి నేపథ్యం మీద వెలిగే అంకెలు. రాత్రి చదవడానికి రెండోదే నాకు నచ్చుతుంది.

కాంతి తెరంతటా సమంగా పరుచుకోవాలి. అందుకు పల్చటి అక్రిలిక్ పలక అంచున ఎల్‌ఈడీలు పెట్టి, పలక వెనక తెల్లకాగితం, ముందు కాంతిని చెదరగొట్టే పొర ఉంచుతారు. పాత ఫోన్ల తెరల్లో ఈ అమరిక సిద్ధంగా దొరుకుతుంది. ఎలక్ట్రోల్యూమినిసెంట్ షీటు ఇంకా పల్చన, వెలుగూ సమానం. కానీ దానికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఇన్వర్టర్ కావాలి, అది సన్నగా గుయ్‌మంటుంది.

విద్యుత్తు లెక్క సులువే. టీఐ-83 ప్లస్ కాలిక్యులేటర్‌లో నాలుగు ట్రిపుల్-ఏ సెల్స్, అంటే 6 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 కావాలి. మిగిలిన 3 వోల్టులకు 330 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 9 మిల్లీఆంపియర్ల చుట్టూ పారుతుంది. సోలార్ పలక, 1.5 వోల్టుల బటన్ సెల్ ఉన్న చిన్న కాలిక్యులేటర్ మీద మాత్రం ఈ భారం వేయకూడదు. లెక్కలకు అది వాడుకునే కరెంటుకు దీపానిది ఎన్నో వందల రెట్లు. దానికి వేరే సెల్ పెట్టి, నొక్కినంతసేపే వెలిగే స్విచ్ అమర్చాలి.