‘గబ్బిలం’: సందేశకావ్య రూపం – వ్యక్తీకరణ శక్తి

సంప్రదాయ కావ్యరూపం కొత్త అనుభవాన్ని మోయగలదా అన్న ప్రశ్న ఆధునిక తెలుగు సాహిత్య విమర్శలో తరచుగా వినిపించేదే. ఛందస్సు భావానికి సంకెల అన్న వాదం వచన కవితోద్యమంతో బలపడింది. 1941లో వెలువడిన గుర్రం జాషువ పద్యకావ్యం ‘గబ్బిలం’ ఈ వాదాన్ని పునఃపరిశీలించడానికి తగిన ఆధారం.

కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడు ప్రభుశాపం వల్ల ఏడాదిపాటు ప్రియురాలికి దూరమై, రామగిరి నుండి అలకాపురికి మేఘాన్ని పంపుతాడు. ఆ ఎడబాటుకు గడువు ఉంది. జాషువ నాయకుడు తంజావూరు సీమకు చెందిన నిరుపేద అరుంధతీయుడు. అతని ఎడబాటు పుట్టుకతో వచ్చినది, గడువు లేనిది. సందేశం చేరవలసినది కాశీ విశ్వనాథునికి. ఈ మార్పుతో విరహనివేదన విజ్ఞాపనగా మారింది. శృంగారానికి నెలవైన రూపం కరుణకూ ధిక్కారానికీ ఆశ్రయమైంది.

దూత ఎంపికలో కవి శక్తి మరింత స్పష్టం. గబ్బిలం ఇంట్లోకి రావడం అశుభమని లోకుల నమ్మకం. అయినా అది ఆలయాంతర్భాగంలో నిరాటంకంగా వేలాడుతుంది. మనిషికి మూసిన తలుపు ఆ ప్రాణికి అడ్డు కాలేదు. పూజారి లేని సమయం చూసి తన గాథ విన్నవించమని నాయకుడు కోరుతాడు. దేవునికీ భక్తునికీ నడుమ నిలిచినది ఎవరో ఈ ఒక్క షరతు తెలుపుతుంది. వ్యాసం తర్కించి నిరూపించవలసిన అన్యాయాన్ని కావ్యం ఒక దృశ్యంగా నిలిపి, తీర్పును పాఠకునికే విడిచిపెట్టింది.

మార్గమధ్యంలోని తెలుగునేల వర్ణనలు ప్రధాన వేదనను పలుచన చేస్తాయన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. అయితే ఆ వర్ణనలు ఎవరి నోట వెలువడుతున్నాయన్నది గమనించాలి. గుడిలో చోటు లేనివాడే ఆ నేల చరిత్రను తన వారసత్వంగా దూతకు పరిచయం చేస్తున్నాడు. అతని దేశాభిమానం ఎంత గాఢమైతే, అతన్ని వెలివేసిన సమాజపు అపరాధం అంత పెద్దదిగా కనిపిస్తుంది.

సందేశకావ్యంలో నాయకుడు కదలడు. దూత మాత్రమే ప్రయాణిస్తుంది. యక్షుని నిశ్చలతకు కారణం శాపం. అరుంధతీయుని నిశ్చలతకు కారణం సమాజశాసనం. ప్రాచీన రూపంలోని ఈ నియమమే ఇక్కడ అస్పృశ్యతకు ప్రతిరూపమైంది. కనుక ‘గబ్బిలం’లో రూపం వస్తువును బంధించలేదు, దాని తరఫున సాక్ష్యం చెప్పింది.