గాలి దారి తెలిసిన భవనం

మా తాత కట్టిన ఇంటికి నక్షా లేదు. నిట్టాడు నిలబెట్టిన రోజు ఊరంతా వచ్చి చేయి వేసిందని మా అమ్మ చెప్పేది. వెదురు తడికకు ఎర్రమట్టి మెత్తి, పేడతో అలికారు. చూరు ఎంత కిందికి దించాలో ఎండా వానే చెప్పాయి. ఇప్పుడు నేను పాఠం చెప్పే గదికి రేకుల కప్పు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పిల్లల్ని చెట్టు కిందికి తీసుకుపోతాను. అందుకే ఆదివాసీ సంస్కృతి పేరుతో ఎక్కడ ఏ భవనం కట్టినా, గోడ మీది బొమ్మల కంటే ముందు గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చూస్తాను.

ఆ చూపుతో ఫోటోల్లో, నక్షాల్లో నేను ఎక్కువసేపు చూసిన భవనం చిబావు సాంస్కృతిక కేంద్రం. అది పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియాలో, నూమియా పట్టణం అంచున ఉంది. అక్కడి మూలవాసులు కనాకులు. 1853లో ఫ్రాన్సు ఆ దీవులను ఆక్రమించింది. కనాకుల నాయకుడు ఝాన్ మారీ చిబావు 1975లో తన ప్రజల సంస్కృతిని చాటుతూ పెద్ద ఉత్సవం జరిపించాడు. 1989లో హత్యకు గురయ్యాడు. ఆయన పేరుతో ఫ్రాన్సు ప్రభుత్వ డబ్బుతో కట్టిన ఈ కేంద్రం 1998లో తెరుచుకుంది. కట్టడాన్ని రూపొందించినవాడు ఇటలీకి చెందిన రెంజో పియానో.

వరుసగా పది ఎత్తయిన చెక్క గూళ్లు. అన్నిటికంటే పెద్దది 28 మీటర్లు. ప్రతి గూటికీ రెండు పొరలు, వాటి మధ్య గాలి ఆడుతుంది. సముద్రపు గాలి మెల్లగా వీస్తే చెక్క రెక్కలు తెరుచుకుంటాయి. గాలి ఉధృతమైతే మూసుకుంటాయి. లోపలి వేడి పైకి పోతుంది. మన తడిక గోడ సందుల్లోంచి, చూరు కింద నుంచి జరిగే పని ఇదే. పియానో దాన్ని లెక్కగట్టి పెద్దది చేశాడు. ఆదివాసీ ఇల్లు వెనకబాటుతనం కాదు, అదొక శాస్త్రం అని ఒప్పుకున్న భవనం ఇది. అందుకు మెచ్చుకోవాలి.

ఇంకో మంచి గుణం ఉంది. పియానో కనాకుల గుడిసెను నకలు కొట్టలేదు. గూళ్ల పక్కటెముకలు పైన కలవవు, ఆకాశంలోకి విడిగా నిలిచి, కట్టడం ఇంకా పూర్తికానట్టు కనిపిస్తాయి. ఒక జాతి గుర్తింపు గతంలోనే ముగిసిపోలేదు, అది ముందుకూ ఉందని చిబావు నమ్మేవాడు. ఆ నమ్మకానికి తగిన ఆకారమిది. నేను చూసిన కొన్ని చోట్ల మన పేరుతో సిమెంటు గుడిసె పోసి, గడ్డి రంగు పూస్తారు. లోపల ఉక్కపోత.

అయినా నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది కర్ర. చెదలు పట్టదని, మన్నుతుందని ఆఫ్రికా నుంచి ఐరోకో కలప తెచ్చారు. పర్యావరణం గురించి మాట్లాడే భవనానికి ఖండాలు దాటిన కలప ఎందుకు? ఒక చోట కరెంటు మిగిల్చి, ఇంకో ప్రజల అడవిని నరికితే లెక్క సరిపోదు. రెండోది చేతులు. కనాకుల పెద్ద గుడిసెలో నడి స్తంభం పెద్దకు, చుట్టూ ఉన్న గుంజలు వంశాలకు గుర్తు. గుడిసె కట్టడమంటే ఆ సంబంధాన్ని మళ్లీ కట్టుకోవడం. ఈ గూళ్లలో ఆ నడి స్తంభం లేదు. రెక్క విరిగితే బాగుచేయాల్సింది ఇంజనీరు, వంశం కాదు. సలహా అడిగినవాళ్లకూ, కట్టినవాళ్లకూ మధ్య చాలా దూరం ఉంది.

మన ప్రాంతంలోనూ ఇలాంటి కేంద్రాలు వస్తాయి, రావాలి కూడా. అప్పుడు మనం మూడు ప్రశ్నలు అడగాలి. కర్ర, మట్టి ఎక్కడివి? కట్టే చేతులు ఎవరివి? పదేళ్ల తర్వాత కప్పు మార్చేది ఎవరు? ఈ మూడింటికీ మన ఊరి పేరు జవాబుగా రాకపోతే, అది ఎంత చల్లగా ఉన్నా మన ఇల్లు కాదు, మన గురించి కట్టిన ఇల్లు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈ వేసవిలో పిల్లలతో ఊళ్లో మిగిలిన ఒక పాత ఇంటిని కొలిపించండి. గోడ మందం, చూరు ఎత్తు, గుమ్మం దిక్కు రాయించండి. ఏ కర్ర ఎందుకు వాడారో ముసలివాళ్లను అడగమనండి. మా ఊళ్లో అలాంటి ఇళ్లు రెండే మిగిలాయి. నక్షా లేని ఇల్లు కూలితే, దాని చదువు కూడా దానితోనే పోతుంది.