బురదకు అడుగెక్కడ?

బురద రేవుల్లో లోతు కొలిచేవాళ్లంటే నాకు మొదటినుంచీ గౌరవం. అక్కడ ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్ ఒకే చోట రెండు లోతులు చూపిస్తుంది. 200 కిలోహెర్ట్జ్ ధ్వని పలచటి బురద పైపొరకు తగిలి తిరిగొచ్చేస్తుంది. 33 కిలోహెర్ట్జ్ ధ్వని ఆ పొరను దాటుకుని గట్టి అడుగు దాకా పోతుంది. రెంటికీ తేడా మీటరు దాటడమూ ఉంది. ఓడకు ఏ అంకె చెప్పాలి? మొదటిది చెబితే సరుకు తగ్గించుకుని రావాలి. రెండోది చెబితే ఓడ చుక్కాని మాట వినకపోవచ్చు.

ఈ బురద రాగి జావ లాంటిది. కదిపితే జారుతుంది, వదిలేస్తే బిగుస్తుంది. నది తెచ్చే బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే గుత్తులు కట్టి కిందికి దిగుతాయి. ఓడల కోసం లోతు చేసిన చానల్లో ప్రవాహం నెమ్మదిస్తుంది కాబట్టి చేరేదీ అక్కడే. హుగ్లీ నదినే చూడండి. ఒండ్రును కడిగేయడానికని ఫరక్కా బరాజ్ కట్టి, 1975లో ప్రారంభించి, 40 వేల క్యూసెక్కుల గంగనీటిని మళ్లించే ఏర్పాటు చేశారు. అయినా ఆ నది మీది హల్దియా రేవుకు డ్రెడ్జర్లు, అంటే అడుగు తవ్వే ఓడలు, తప్పలేదు. మా విశాఖ కేంద్రంగా ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఏళ్ల తరబడి అక్కడ తవ్వింది.

ఏ అంకె చెప్పాలన్న చిక్కు విప్పడానికి రోటర్‌డామ్ రేవు వాళ్లు లోతును సాంద్రతతో ముడిపెట్టారు. ఘనపు మీటరుకు 1.2 టన్నుల కన్నా పలచగా ఉన్న బురదను ఓడ దాటగల లోతు కిందే లెక్కేస్తారు. జర్మనీలోని ఎమ్డెన్ రేవు ఇంకా ముందుకెళ్లింది. అక్కడ బురదను డ్రెడ్జర్ తొట్టిలోకి తోడి, గాలి తగలనిచ్చి, మళ్లీ అక్కడే వదులుతారు. ప్రాణవాయువుతో బతికే బాక్టీరియా వదిలే జిగురు రేణువులను బిగుసుకోనివ్వదు. ఓడలు ఆ పలచటి బురదలోంచే నడుస్తాయి. బురదను బయట పారబోసే పనే తగ్గిపోయింది. నాకు ఇంతకన్నా తెలివైన రేవు పని కనిపించలేదు.

ఇది ప్రతి రేవుకూ పనికొస్తుందని అనను. ఇసుక పడే చోట దీనికి తావే లేదు. కానీ బురద చోట తవ్వకం బిల్లు ఒట్టి ఘనపు మీటర్ల మీద నడిస్తే, తొట్టిలో మట్టెంతో నీళ్లెంతో తేలదు. టెండరులో లోతుతోపాటు సాంద్రతనూ అడగాలి. వానలకు ముందూ తర్వాతా కొలిచి, ఎకో సౌండర్ చూపే ఆ రెండు లోతులనూ ఓడ పైలట్ల చేతికివ్వాలి.