వేట లేని రెండు నెలలు

అక్షరాస్యత కార్యక్రమం అనగానే మన సేవా క్లబ్బులు ముందు పలకలు కొంటాయి. తర్వాత ఫ్లెక్సీ కొట్టిస్తాయి. పలకలు పంచి, ఫొటో దిగి, టిఫిన్ చేసి వచ్చేస్తే పని అయిపోయినట్టే. నేనూ అలాంటి క్లబ్బు సభ్యుణ్ణే కాబట్టి ఈ మాట అనే హక్కు కాస్త ఉందనుకుంటాను. పలకలు పంచిన ఊరికి మరుసటి వారం వెళ్లి కూర్చునేవాళ్లు తక్కువ.

విచిత్రం ఏమిటంటే, వారం వారం కూర్చోవడమే మనకి బాగా వచ్చిన విద్య. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన మా రోటరీకి చాలాకాలంగా వారపు సమావేశం, హాజరు పట్టీ ప్రాణం. సొంత క్లబ్బు మీటింగు తప్పితే ఇంకో ఊరి క్లబ్బుకి వెళ్లి హాజరు వేయించుకునే ఆనవాయితీ కూడా ఉంది. ఆ పట్టుదలలో సగం దరియాలతిప్ప అరుగుల మీద జరిగే మా చదువు క్లాసుల్లో చూపిస్తే చాలని నా గొడవ.

దరియాలతిప్ప యానాం కొసన, గౌతమి ఒడ్డున, మడ అడవులకి దగ్గర్లో ఉన్న మత్స్యకారుల ఊరు. అక్కడి మనిషి రోజు మన గడియారం మీద నడవదు, పోటూ పాటూ మీద నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి క్లాసు అని బోర్డు పెడితే ఆ బోర్డు చదవడానికి కూడా ఎవరూ రారు. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 61 రోజులు ఇంజను పడవలు సముద్రం మీదికి వెళ్లకూడదు. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ నీడపట్టునే ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ పిల్లలకి సెలవులు. చదువు చెప్పేవాళ్లూ, నేర్చుకునేవాళ్లూ ఒకేసారి ఖాళీగా దొరికే కాలం ఏడాదిలో అదొక్కటే.

2011 జనగణనలో పుదుచ్చేరి మొత్తం అక్షరాస్యత 85 శాతం దాటితే యానాం 80 దగ్గర ఆగింది. ఏడేళ్లు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవాళ్లనే అందులో లెక్కేస్తారు. అరుగు మీద కూర్చుంటే ఆ లెక్క వెనక ఉన్న మనుషులు కనబడతారు.

"నాకు సంతకం వచ్చండి మాస్టారూ, ఇంకేం అక్కర్లేదు" అంటుంది చేపల గంప దించిన ఆవిడ. నిజమే, సంతకం వచ్చు. కింద ఉన్న కాగితంలో ఏముందో మాత్రం తెలియదు. లెక్కల సంగతి ఎత్తితే నవ్వుతుంది. కిలోల్లో కొని, పోగుల్లో అమ్మి, అరువులు గుర్తుపెట్టుకుని, వడ్డీ కూడా నోటితోనే కట్టే మనిషికి కూడికలు చెప్పబోయి నేనే ఓడిపోయాను. ఆవిడకి కావలసింది ఆ లెక్క కాగితం మీద ఎలా ఉంటుందో చూడటం, అంతే.

పెద్దవాళ్లకి అ ఆ ల దగ్గర మొదలుపెడితే రెండో రోజుకే సిగ్గుపడి మానేస్తారు. మేం 'వల'తో మొదలుపెడతాం. తర్వాత 'పడవ'. రెండు మాటల్లో నాలుగు అక్షరాలు వచ్చేశాయి. వాటితోనే 'వడ' కూడా అవుతుంది, అప్పుడు అందరూ నవ్వుతారు. గుణింతాలు కొంచెం నెమ్మది. 'చేప', 'పీత' వచ్చేస్తాయి. 'రొయ్య' దగ్గర ఒత్తు అడ్డం పడుతుంది. బడి మానేయాలనిపించేది అక్కడే. ఆ వారం పక్కన మనిషి ఉండాలి. పలక ఇచ్చి వెళ్లిపోయిన దాత ఆ వారం ఉండడు.

అమెరికాలో చాలా రోటరీ క్లబ్బులు మూడో తరగతి పిల్లలకి తలా ఒక నిఘంటువు ఇస్తాయి. మంచి పనే, చదవడం వచ్చిన పిల్లలకి. నాకు అంతకన్నా నచ్చింది థాయ్‌లాండ్ కథ. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల కోసం పుట్టిన ఒక బోధన పద్ధతిని 1980ల చివర్లో థాయ్ రోటరీ క్లబ్బులు ఎత్తుకున్నాయి. పిల్లలు ఒక పని కలిసి చేస్తారు, దాని గురించి చెప్పుకుంటారు, ఆ మాటలతోనే పెద్ద పుస్తకం తయారుచేసి దాన్నే చదువుతారు. క్లబ్బులు పుస్తకాలు పంచి ఊరుకోకుండా ఉపాధ్యాయుల శిక్షణ మీద ఏళ్ల తరబడి నిలబడ్డాయి. చివరికి ప్రభుత్వమే ఆ పద్ధతిని అందిపుచ్చుకుంది.

అంత దూరం ఎందుకు, 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలనే పడవ ఎక్కించారు. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవ మీద బోటు గ్రంథాలయం తిరిగింది. పడవలున్న దరియాలతిప్పకి అంతకన్నా దగ్గరి ఉపాయం ఇంకేం ఉంటుంది?

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. క్లబ్బులకి రాజకీయాలు పడవు. చదువు మాత్రం అలా చెప్పిన మాట వినదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. దరియాలతిప్ప ఆడవాళ్లు రేపు చదవడం వచ్చి ఏ కాగితం గురించి నిలదీస్తారో ఎవరు చెప్పగలరు? ఆ భయం ఉన్న క్లబ్బు పలకలతోనే ఆగడం మేలు.

అసలు చిక్కు మన క్యాలెండరులో ఉంది. రోటరీ ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. నిషేధం జూన్ 14న ఎత్తేస్తారు. పడవలు వెళ్లిపోయిన పక్షానికే అధ్యక్షుడు మారతాడు. కొత్తాయనకి కొత్త ప్రాజెక్టు కావాలి, పాతాయన మొదలుపెట్టింది 'పోయినేటిది' అయిపోతుంది. మా వాళ్లు ఒత్తుల దగ్గర ఉండగానే క్లబ్బు కంటివైద్య శిబిరానికి వెళ్లిపోతుంది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన వయోజన విద్యా పథకం ఉల్లాస్ కూడా వాలంటీర్ల మీదే ఆధారపడింది, 2027 దాకా ఉంటుంది. అయిదేళ్ల పథకానికి ఏడాది మనసున్న మనుషులు సరిపోరు.

కాబట్టి ఈసారి ప్రమాణ స్వీకారం రోజున దిగిపోయే అధ్యక్షుడు కొత్తాయనకి మెడలో వేసే కాలర్‌తో పాటు మా అరుగు హాజరు పట్టీ కూడా అప్పగించాలని అడిగాను. చూద్దాం అన్నారు. వేట మొదలయ్యాక మగవాళ్లు రారు కాబట్టి క్లాసు ఆడవాళ్లకి అనువైన మధ్యాహ్నానికి మారుతుంది. ఇది చదివి ఏమైనా పంపాలనుకుంటే పలకలు వద్దు, చాలా ఉన్నాయి. బ్యాంకులో డబ్బు తీసే ఫారాలు ఒక కట్ట పంపండి. పాతవైనా పరవాలేదు.