మిద్దె మీద జపాన్ ర్యాప్

పాట పాడటంలో ఒక సుఖం ఉంది. నలుగురి కోసం పాట ఏరుకోవడంలో అంతకు మించిన సుఖం ఉంది! ఒంటరిగా చెవిలో పెట్టుకుని విన్నప్పుడు ఒళ్ళు జలదరింపజేసిన పాట నలుగురిలోకి రాగానే చతికిలబడవచ్చు. ఎవరూ లెక్కచేయని పాట హఠాత్తుగా మిద్దెనంతా ఊపేయవచ్చు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఈ రైలుదారి పొడుగునా ఇప్పుడు కరోకే ట్రాకులకు కొదవ లేదు. పెళ్ళి రిసెప్షన్లలో, వినాయక చవితి పందిళ్ళలో, ఫోన్లలోని స్టార్‌మేకర్ యాప్‌లో ఘంటసాల కోసం, బాలు కోసం ఖాళీ చేసి ఉంచిన సంగీతం మోగుతూనే ఉంటుంది. జపాన్ అనిమే చూసి చెవి మరిగిన మా మిత్రబృందానికి ఆ ఖాళీలో ఇంకో రుచి దొరికింది. ఎండాకాలం రాత్రి, ఒక బ్లూటూత్ మైకు, ఉగ్గాని బజ్జి, జపాన్ ర్యాప్. రండి, మీరూ ఓ పక్కన కూర్చోండి.

ఆహా, ఏం చప్పుడండీ అది! తెలుగు నాలుకకు జపాన్ మాట చుట్టమే. అక్కడ దాదాపు ప్రతి అక్షరమూ అచ్చు మీదే వచ్చి వాలుతుంది. దీర్ఘానికి రెండు మాత్రల నిడివి, ద్విత్వం దగ్గర చిన్న ఊపిరి బిగింపు. ఛందస్సు పేరు కూడా వినని తెలుగువాడికి సైతం ఇది ఒంట్లో ఉన్న లెక్కే. ఇంగ్లిష్ ర్యాప్‌లో హల్లులు పళ్ళకు అడ్డం పడతాయి, ఇక్కడ అచ్చులు నాలుక మీద జారిపోతాయి. ఇంకో చమత్కారం చూడండి. మన ప్రాసలో రెండో అక్షరం హల్లు నిలుస్తుంది, అచ్చు మారినా ఫరవాలేదు. జపాన్ ర్యాపర్ అచ్చుల వరసను నిలబెట్టుకుని హల్లులను ఇష్టం వచ్చినట్టు మారుస్తాడు. మన కవి గట్టిగా పట్టుకున్నదాన్ని అతను గాలికి వదిలేస్తాడు, మన కవి వదిలేసినదాన్ని అతను గుండెకు హత్తుకుంటాడు! అర్థం తెలియకపోయినా చెవి ఆ అచ్చుల దండను గుర్తుపడుతుంది, పట్టుకుని వెంట నడుస్తుంది.

మా చెవులకు అసలు తర్ఫీదు పద్యనాటకానిది. నాటకంలో పాటనూ పద్యాన్నీ పండించి ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టింది ఈ ధర్మవరంలోనే. పద్యం ఆఖరి అక్షరాన్ని రాగంలో ముంచి, సాగదీసి, తిప్పి తిప్పి ‘వన్స్ మోర్’ కొట్టించుకోవడం మనకు తెలిసిన సొగసు. ర్యాప్ సొగసు ఇందుకు ఎదురుగా నిలబడుతుంది. అక్షరాన్ని తెంపడంలో ఉంది దాని రుచి, తెగిన చోట క్షణం పాటు వేలాడే నిశ్శబ్దంలో ఉంది. ఆ చివరా ఈ చివరా తెలిసిన చెవికి రెండూ అమృతమే!

మొదటి పాట తొందరపెట్టకూడదు. అందుకు ‘కొన్యా వా బూగీ బ్యాక్’ను మించింది లేదు. 1994లో స్చా దారా పార్ బృందమూ ఒజావా కెంజీ కలిసి చేశారు. అదే పాట రెండు రూపాల్లో వచ్చింది. ఒకదాంట్లో గానానిది పైచేయి, ఇంకోదాంట్లో ర్యాప్‌ది. మెత్తని, మత్తైన, వెన్నెల పూసిన పాట. గొంతు గోడకు చేరగిలబడి కబుర్లాడుతుంది. పాడనని మొండికేసి మూల కూర్చున్నవాడు కూడా రెండో చరణానికి తల ఊపుతాడు, పల్లవికి పెదవి కదుపుతాడు.

తర్వాత కొంటెతనం. అదే ఏడు వచ్చిన ఈస్ట్ ఎండ్, యూరిల ‘దా యో నే’. పది లక్షల కాపీలు అమ్ముడైన ర్యాప్ అది. ఒకరు అంటారు, ఇంకొకరు ఔనంటారు. పాటంతా మాటకు మాట, చురుక్కు, చిటికె! ఆ పాట మీద మనసు పడి ఒసాకా, నగోయా, హిరోషిమా వాళ్ళు ఎవరి యాసలో వాళ్ళు దాన్ని మళ్ళీ కట్టుకున్నారు. ఇక మనకెందుకు సిగ్గు? కన్నడ గాలి తగిలిన హిందూపురం సాగతీతతో పాడినా ఆ పాట చిన్నబుచ్చుకోదు. పైగా ఇంకాస్త వగలు పోతుంది.

రాత్రి చిక్కబడ్డాక రిప్ స్లైమ్ వారి ‘రకుఎన్ బేబీ’. 2002 నాటి వేసవి పాట. నలుగురు ర్యాపర్లు, నాలుగు గొంతులు. ఒకటి గలగల, ఒకటి నింపాది, ఒకటి పెంకి. వీటన్నిటికీ అడుగున ‘సు’ అనే ర్యాపర్ మంద్రస్వరం, నల్లని, నునుపైన, లోతైన స్వరం! ఇలాంటి పాటలోనే మిత్రబృందం నిగ్గు తేలుతుంది. ధర్మవరం మగ్గం మీద నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు దూసుకుపోయినట్టు మైకు చేతులు మారాలి. ఒక రెప్పపాటు ఆలస్యమైతే పోగు తెగినట్టే. ఒకరి ఆఖరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే పక్కవాడి తొలి అక్షరం దాన్ని తాకుతుంది చూడండి, ఆ తాకిడి కోసం రాత్రంతా పాడవచ్చు! మన చెక్కభజనలో గురువు ఎత్తుకోగానే చుట్టూ ఉన్న చెక్కలన్నీ ఒక్కటై పలకడం ఈ ఆనందానికి అన్నగారు.

ఆపైన కాస్త కన్నీరు. 2005లో వచ్చిన కెత్సుమేయిషి వారి ‘సకురా’, అంటే చెర్రీ పూవు. రాలే పూలలో పాత ప్రేమ తిరిగి కదులుతుంది. చరణాలు ర్యాప్, పల్లవి గానం. మాటలు వడివడిగా నడిచి నడిచి, ఇక మాట చాలదనిపించిన చోట రాగం తలుపు తెరుచుకుంటుంది. చెర్రీ పూలు చూడకపోతేనేం! చైత్రంలో కానుగ చెట్ల కింద పరుచుకున్న పూలు తొక్కలేక పక్కకు జరిగి నడిచిన ఎవరికైనా ఆ పల్లవి అందుతుంది.

ఇక కడపటిది పిడుగే. క్రీపీ నట్స్ వారి 2024 నాటి ‘బ్లింగ్ బ్యాంగ్ బ్యాంగ్ బోర్న్’. ‘మాష్‌లే’ అనిమే చూసిన పిల్లలందరికీ నోటికొచ్చిన పాట. వారి ర్యాపర్ ఆర్ షితేయి నాలుక అది నాలుకేనా అనిపిస్తుంది! చరణాలు ఒక్కడికి వదలండి, పది రోజులు సాధన చేసినవాడికి. పల్లవి మాత్రం అందరిదీ. మెట్ల మీద నిలబడి చూస్తున్న పక్కింటి పిల్లలది కూడా.

మా ధర్మవరం మిత్రుడి నోట్‌బుక్కు ఒకసారి చూడాలి మీరు. రూళ్ళ కాగితం మీద జపాన్ పాట తెలుగు లిపిలో, నీలం సిరాతో. ఊపిరి తీసుకోవలసిన చోట ఎర్ర గీత, మైకు మారే చోట పేరులో మొదటి అక్షరం. ఇంగ్లిష్‌లో టీ, ఎస్, యూ అని తంటాలు పడి రాసే ధ్వనికి అతను ‘చు’ రాసి పైన చిన్న రెండంకె వేశాడు. మన ‘చుక్క’లో పలికే దంత్య చకారం, పాత పుస్తకాల్లో ‘ౘ’గా అచ్చయినది! బడిపిల్లలు మరిచిపోయిన అక్షరం జపాన్ పాటలో మళ్ళీ పలికిందన్నమాట.

ఇంతకీ ఈ కరోకే కూడా జపాన్‌దే. అక్కడి కోబె నగరంలో ఇనోఉయె దైసుకె 1971లో కరోకే యంత్రం కట్టాడు. కరోకే కనిపెట్టి, మనుషులకు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పినందుకు 2004లో అతనికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వించడానికి ఇచ్చే బహుమతే. అయినా ఇంత సబబైన శాంతి బహుమతి ఇంకొకటి నేనెరుగను. శ్రుతి తప్పిన స్నేహితుడి గొంతును ప్రేమగా విన్నవాడు లోకంలో దేన్నైనా ఓర్చుకోగలడు.

కాబట్టి పాట ఏరుకునేటప్పుడు మీ గొంతు ఎక్కడ మెరుస్తుందో వెతక్కండి. పక్కవాడు ఎక్కడ అందుకోగలడో వెతకండి. తొలిసారి అయితే ‘కొన్యా వా బూగీ బ్యాక్’తో మొదలుపెట్టండి, ధైర్యం వచ్చాక ‘దా యో నే’. తెలుగు అక్షరాల్లో రాసుకోండి, సగం వరసలు స్నేహితుడికి వదిలేయండి. మైకు మాత్రం ఎక్కువసేపు మీ చేతిలో ఉంచుకోకండి.