రద్దీలో ఆగిన పాత కారుకు గాలి

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాత కార్లలో రేడియేటర్ ఫ్యాను ఇంజనుతోపాటే బెల్టు మీద తిరుగుతుంది కనుక, వేసవి మధ్యాహ్నం సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్ల ముందు బండి ఆగినప్పుడు, గాలి ఎక్కువగా కావలసిన ఆ సమయంలోనే అది మందగిస్తుంది. ఆ లోపాన్ని ఎలక్ట్రిక్ ఫ్యానుతో సరిదిద్దే ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం బానెట్ ఎత్తి చూసినా సులభంగా కంటబడదు. సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లు, తిరగడం మొదలైన క్షణంలో అంతకు మించి కరెంటు లాగే మోటారు భారాన్ని డాష్‌బోర్డు స్విచ్చు గుండా పంపితే దాని కాంటాక్టులు మాడిపోతాయి కాబట్టి, అతడు మధ్యలో రిలేను, అంటే స్వల్ప కరెంటుతో అయస్కాంతమై పెద్ద కరెంటు దారిని కలిపే చిన్న పెట్టెను అమరుస్తాడు. దాని 30, 87 అంకెల పిన్నులు వరుసగా బ్యాటరీకి, ఫ్యానుకు చేరగా, 85, 86 పిన్నులు రేడియేటర్ నీరు వేడెక్కినప్పుడు కలిసే థర్మో స్విచ్చు ఆజ్ఞను అందుకుంటాయి. తీగ ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా మంట పుట్టకుండా ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టడం మంచి పనివాడి లక్షణం. డైనమో ఉన్న బండికి ఆల్టర్నేటర్ వేయనిదే ఫ్యాను బిగించనని బేరం వదులుకోవడం అంతకంటే గొప్ప లక్షణం. ఎందుకంటే ఇంజను ఐడ్లింగులో ఉన్నప్పుడు డైనమో ఇచ్చే కరెంటు దాదాపు శూన్యం, భారమంతా బ్యాటరీదే.